పురుగులు తినే నీటి మొక్క ఇంట్లో తొట్టిలో పెట్టా, తిత్తులు రాలిపోతా ఉండాయి, నాచు పట్టేస్తా ఉండాది – ఏం చేయాల?

గప్పీల పిచ్చోడు – కావలి

అందరికీ నమస్తే. ఇంట్లో ఎప్పట్నుంచో గప్పీలు, మోలీలు పెంచతా ఉండా, వాటితో ఏ బాధా లేదు, ఇప్పుడు సమస్యంతా ఒక మొక్కతో వచ్చింది. సంక్రాంతికి కోవూరు పక్కన అత్తగారి ఊరు పోయుంటే పొలం గట్టు కింద గుంటలో పసుప్పచ్చ పూలు నీళ్ళ మీదికి లేచి కనపడినయి, కర్రతో లాగి చూస్తే కింద వేరనేదే లేదు, అంతా సన్నటి చీలిక ఆకులు, వాటి మధ్య మిల్లీమీటరో రెండో ఉండే తిత్తులు. మావాడు ఇంటర్ బైపీసీ, చూడంగానే "నాన్నా ఇది యుట్రిక్యులేరియా, పురుగుల్ని పట్టుకొని తింటది, మాకు పాఠంలో ఉండాది" అని వదిలిపెట్టలా. సరే అని ఒక కవర్లో వేసుకొని వచ్చినాం.

హాల్లో టీవీ పక్కన గుండ్రటి గాజు తొట్టి ఉంటే దాంట్లో మా బోరు నీళ్ళు పోసి వేసినా. మొదట్లో బానే ఉండింది. ఇప్పుడు చూస్తే వెనకవైపంతా గోధుమరంగుకి తిరిగి మెత్తబడిపోతా ఉంది, తిత్తులు అడుగున రాలి పడుండాయి, కొస మాత్రం పచ్చగానే ఉంది గానీ బాగా చిన్నదయిపోయింది. మీద జిగటగా పచ్చ నాచు చుట్టుకుంటా ఉండాది, తీస్తే మళ్ళీ వస్తా ఉంది.

ఇంతకీ దీనికి తిండి ఏం పెట్టాల? చేపల మేత నలిపి వేస్తే తింటదా? గప్పీల ట్యాంకులో వేసేయొచ్చా? మా ఆవిడేమో ఎండాకాలం చచ్చిపోతది, కొంచెం ఫ్రిజ్జులో దాచి పెట్టు అంటది, యూట్యూబులో ఎవరో చెప్పినారంట. ఇంకోటి, ఆన్‌లైన్లో ఆల్డ్రొవాండా అని ఇంకో నీటి మొక్క అమ్ముతుండారు, మావాడు అది కూడా కావాలంటా ఉండాడు, తెప్పించొచ్చా? తెలిసినోళ్ళు కొంచెం చెప్పండి.


పెన్నా గట్టు – నెల్లూరు

అన్నా, ముందు ఒక సంగతి చెప్తా, సగం భయం పోతది. వెనక గోధుమరంగు అవడం జబ్బు కాదు. ఈ మొక్క ముందు కొస పెరగతా పోతది, వెనక ముసలి భాగం కుళ్ళిపోతా పోతది, గుంటలో కూడా అంతే, అక్కడ మనం చూడం. కాబట్టి వెనకదాన్ని కత్తిరించి పారేయండి, కొసల్నే చూసుకోండి. కొస లావుగా, తెల్లారేసరికి ఇంకొంచెం పొడుగ్గా కనపడితే మొక్క బతికినట్టే. కొస చిన్నదయిపోయిందని రాసినారే, అదే అసలు కంప్లైంట్.

తిండి గురించి తర్వాత మాట్లాడుకుందాం, తిండి లేక చచ్చిన యుట్రిక్యులేరియాని నేనింతవరకు చూడలా. నీళ్ళ వల్ల చచ్చినవే అన్నీ. మీది కావలి, బోరు నీళ్ళు అన్నారు. ఒక టీడీఎస్ మీటరు కొనండి, నీళ్ళలో కరిగిన ఉప్పులు లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో చూపిస్తది, ఎక్కువ రేటేం కాదు, పెన్ను సైజులో ఉంటది. ఈ మొక్కకి వంద లోపు ఉంటే బంగారం, నూట యాభై వరకు నెట్టుకొస్తది, ఆపైన దినదిన గండమే. మన సముద్రం వైపు బోర్లలో యాడ తీసినా వెయ్యి దగ్గర్లో చూపిస్తది. గుంటలో ఎట్టా బతికింది మరి అంటారేమో, ఆ గుంట అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడిన వాన నీళ్ళతో నిండింది, బోరు నీళ్ళతో కాదు గదా.

ఇప్పుడు చేయాల్సింది: ఆ గాజు తొట్టి గప్పీ పిల్లలకి వాడుకోండి. సిమెంటు కలిపే నల్ల ప్లాస్టిక్ తట్టలు హార్డ్‌వేర్ షాపులో దొరకతాయి, కొత్తది తెచ్చి రెండుమూడు సార్లు కడిగి వాన నీళ్ళో ఆర్‌ఓ నీళ్ళో ఇరవై లీటర్లకి తగ్గకుండా పోయండి, లోతు జానెడు ఉంటే చాలు. నల్లది ఎందుకంటే పక్కల నుంచి వెలుతురు రాదు, నాచు తగ్గతది. వీధిలో క్యాన్లు అమ్మే వాటర్ ప్లాంటు నీళ్ళు కూడా పనికొస్తాయి, మీటరు పెట్టి చూసుకొని పోయండి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఇంట్లో ఆర్‌ఓ మిషను వెనక పైపులో నుంచి పారబోసే నీళ్ళుంటాయి చూడండి, అవి మాత్రం పొయ్యొద్దు, ఉప్పంతా ఆ నీళ్ళలోనే పోతది. పొదుపు అనుకొని అవే మొక్కలకి పోసేవాళ్ళు మా అపార్ట్‌మెంట్లోనే ఉండారు.


రొయ్యల సీను – ఇందుకూరుపేట

నాచుకి ఇంత రాద్ధాంతం ఎందుకన్నా, మా చెరువుల్లో నాచు లేస్తే మైలుతుత్తం కొడతాం, మూడు రోజుల్లో నీళ్ళు తేటపడిపోతాయి. తొట్టికి చిటికెడు చాలు. లేకపోతే కొంచెం బ్లీచింగ్.


బోటనీ టీచరమ్మ – ఒంగోలు

సీను గారూ, దయచేసి ఆ పని చేయించకండి. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేటు. నాచుని చంపే డోసు ఈ మొక్క కొసల్ని కూడా మాడుస్తుంది, తొట్టిలో ఉన్న చిన్న చిన్న నీటి పురుగులన్నీ చచ్చిపోతాయి, అవే దాని తిండి. చెరువు ఎకరాల్లో ఉంటుంది, మీరు కొలిచి కొడతారు, చిటికెడు అనేది ఇరవై లీటర్ల తొట్టికి విషమే. బ్లీచింగ్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

నాచు ఎందుకొస్తుందో చూస్తే మందు అవసరమే ఉండదు. నీళ్ళలో నైట్రోజను, ఫాస్ఫరస్ కరిగి ఉంటే నాచు లేస్తుంది. చేపల మేత నలిపి వేస్తే సరిగ్గా అవే వేసినట్టు. ఈ మొక్కకి వేర్లు లేవు, ఎరువు లేని పేద నీళ్ళలో బతకడానికే పురుగుల్ని పట్టడం అలవాటు చేసుకుంది. నీళ్ళు బలంగా ఉన్న చోట తిత్తులు వేయడమే తగ్గించేస్తుంది, కాబట్టి మేత వేసేకొద్దీ మీ అబ్బాయి చూడాలనుకునేదే కనపడకుండా పోతుంది. గప్పీల ట్యాంకు వద్దనేది కూడా అందుకే, చేపల మలం అంతా ఎరువే. పైగా ఇప్పుడే గుడ్డులోంచి బయటపడిన సన్నటి చేపపిల్లలు తిత్తి మూతి దగ్గరికి పోతే తోకో తలో ఇరుక్కుని చచ్చిపోవడం ఉంది. గప్పీ పిల్లలు కొంచెం పెద్దవి కాబట్టి చాలావరకు తప్పించుకుంటాయి లెండి.

మీ అబ్బాయి బైపీసీ అన్నారు కాబట్టి ఒకటి చేయించండి. ఒక కొమ్మని నీళ్ళలోంచి నెమ్మదిగా పైకి తీసి చెవి దగ్గర పెట్టుకోమనండి, ఆరోగ్యంగా ఉంటే సన్నగా చిటపటమని వినిపిస్తుంది. తిత్తులు గాలిని లోపలికి పీల్చుకునే చప్పుడు అది. ఇంక్ ఫిల్లరు రబ్బరు నొక్కి పట్టుకుని వదిలేస్తే ఇంకు ఎలా లోపలికి ఎక్కుతుందో అదే పద్ధతి. తిత్తి లోపలి గ్రంథులు నీళ్ళని బయటికి తోడేస్తూ ఉంటాయి, గోడలు లోపలికి సొట్టపడతాయి, మూతి దగ్గర వెంట్రుకలకి పురుగు తగలగానే తలుపు తెరుచుకుని పురుగుతో సహా నీళ్ళు లోపలికి గుంజుకుంటాయి. ఇదంతా సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. 2011లో హైస్పీడ్ కెమెరాలతో తీసి చూస్తే లోపలికి పడే పురుగు మీద గురుత్వాకర్షణకి 600 రెట్ల వరకు త్వరణం ఉందని తేలింది. మళ్ళీ బిగించుకోవడానికి పావుగంటో అరగంటో పడుతుంది. డార్విన్ అంతటివాడు 1875లో పురుగుల్ని తినే మొక్కల మీద రాసిన పుస్తకంలో పురుగే తలతో తలుపు నెట్టుకుని లోపలికి పోతుందనుకున్నాడు, పీల్చుకోవడం ఆయన కంట పడలేదు.

మీకు దొరికింది పసుపు పూలది కాబట్టి యుట్రిక్యులేరియాలో ఆరియా అనే రకం కావచ్చు, లేదా స్టెల్లారిస్ అనే రకం. పూకాడ చుట్టూ నక్షత్రం ఆకారంలో ఉబ్బిన తేలియాడే ఆకులుంటే స్టెల్లారిస్, లేకపోతే చాలావరకు ఆరియా. ఫోటో పెట్టగలరా?

ఫ్రిజ్జు మాత్రం వద్దు. చలిదేశాల జాతులు చలికాలంలో కొస మొగ్గలా ముడుచుకుని నిద్రపోతాయి, యూట్యూబులో చెప్పేది వాటి గురించి. మన గుంటల్లోవి ఆ నిద్ర ఎరగవు. మన దగ్గర గుంట ఎండితే మొక్క పోతుంది, విత్తనం మట్టిలో ఉండి మళ్ళీ వానలకి లేస్తుంది. ఫ్రిజ్జులో పెడితే నేరుగా కుళ్ళుతుంది.


గప్పీల పిచ్చోడు – కావలి

మేడం, పెన్నా అన్నా, చాలా థ్యాంక్స్. మీటరు తెచ్చి చూసినా, బోరు నీళ్ళు 1140 చూపిస్తా ఉంది!! ఇంటి ఆర్‌ఓ 62. పూకాడ ఇప్పుడు లేదు గానీ తెచ్చినప్పటి ఫోటో ఫోన్లో ఉంటే చూసినా, నక్షత్రం ఏం లేదు, అయితే ఆరియానే. చిటపట ట్రై చేసినాం, ఏం వినపళ్ళా, మావాడు వినపడింది అంటాడు, వాడికి మీ మీద గౌరవం ఎక్కువలెండి.

నల్ల తట్ట తెచ్చినా. దాన్ని యాడ పెట్టాల, హాల్లోనే ఉంచొచ్చా, లైటు ఏం లైటు? ఇంకా ఏసీ నీళ్ళు ఒక బకెట్ నిండతా ఉండాయి, అవి పొయ్యొచ్చా?


పెన్నా గట్టు – నెల్లూరు

కొత్త నీళ్ళకి మారిన వెంటనే ఇంకొన్ని తిత్తులు రాలతాయి, బిత్తరపోవద్దు. కొత్తగా పుట్టే కొసలో తిత్తులు వస్తాయా లేదా అదొక్కటే చూడండి.

హాల్లో టీవీ పక్కన వెలుతురు మనకి చాలుతది, దానికి చాలదు. ఇంట్లోనే పెట్టాలనుకుంటే ఒక 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు, తెల్లదే, స్పెషల్ గ్రో లైటు అని మూడింతలు పెట్టి కొనబల్లేదు, నీళ్ళకి అడుగున్నర లోపు ఎత్తులో వేలాడదీసి రోజుకి పది పన్నెండు గంటలు టైమరు మీద పెట్టండి. కిటికీ పెట్టుకుంటే తూర్పు కిటికీ. పడమటి కిటికీ మన నెల్లూరు కత్తెర ఎండలకి తట్టెడు నీళ్ళని కాచి పెడతది, నీళ్ళు ముప్పై అయిదు దాటితే ఏ మొక్కకైనా కష్టమే. పూలు కావాలంటే మాత్రం ఇంట్లో లైటుతో ఆశ పెట్టుకోవద్దు, ఆరియాకి ఎండ కావాల.

ఏసీ నీళ్ళు టీడీఎస్ తక్కువే, అది కరెక్టే. కాని లోపల కాయిల్ మీద దుమ్ము, రాగి గొట్టాలు, ఎప్పుడో సర్వీసు చేసినప్పుడు కొట్టిన లిక్విడు, అవన్నీ కడుక్కొని వస్తాయి. నేనైతే వేరే దారి లేనప్పుడే సగం ఏసీ సగం ఆర్‌ఓ కలిపి ఆవిరైనంత వరకు పైన నింపడానికి వాడతా. వాన నీళ్ళంత మంచివి ఇంకోటి లేవు. నవంబరులో మనకి ఎట్టాగూ తుఫాన్లు తప్పవు, మొదటి వాన మేడ కడిగి పోనిచ్చి రెండో వాన నుంచి డ్రమ్ములు పట్టుకొని మూత పెడితే ఎండాకాలం దాకా గడిచిపోతాయి.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు. ఈ మొక్క నీళ్ళలో ఉండే కార్బన్ డయాక్సైడ్ మీదే బతకతది, పేద నీళ్ళలో అది కూడా తక్కువ. ఎండిన బాదం ఆకు తెలుసు గదా, స్కూళ్ళ దగ్గర, గుళ్ళ దగ్గర ఉండే నాటు బాదం చెట్టుది, రాలిపోయి ఎర్రగా ఎండిన ఆకు కడిగి ఒక రోజు నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి, పది లీటర్లకి ఒక ఆకు లెక్కన అడుగున వేయండి. నెమ్మదిగా కుళ్ళతా కార్బన్ డయాక్సైడ్ ఇస్తది, నీళ్ళు పల్చటి టీ రంగుకి తిరిగి కొంచెం పులుపు వైపు వస్తాయి, నాచుకి ఆ రంగు నీళ్ళు నచ్చవు. పచ్చి ఆకు వేస్తే కంపు కొడతది. కొబ్బరి పీచు పొడి వేయమని కొందరు చెప్తారు, మన సైడు దొరికే దాంట్లో ఉప్పు ఎక్కువ, ఎంత కడిగినా మీటరు పైకే పోతది, నాకైతే ఇష్టం లేదు.

పట్టిన నాచుని పాత టూత్‌బ్రష్ పెట్టి తిప్పి తిప్పి చుట్టి లాగండి. మొక్కలో బాగా ఇరుక్కున్న ముక్కలు పారేయండి, జాలి పడొద్దు, చేతివేలంత కొస ఒక్కటి శుభ్రంగా మిగిలినా నెల తిరిగేసరికి తట్ట నిండతది.


రొయ్యల సీను – ఇందుకూరుపేట

సరే మేడం, మైలుతుత్తం వెనక్కి తీసుకుంటున్నా. నాదొక డౌటు, తిండి ఎట్టా మరి? చేపమేత వద్దంటిరి.


బోటనీ టీచరమ్మ – ఒంగోలు

డాఫ్నియా, సైక్లాప్స్ అని చుక్కల్లా కనపడే నీటి పురుగులుంటాయి, ఇవి తిత్తిలో పట్టే సైజు. పచ్చ తిరిగిన చెరువు నీళ్ళని పాత ఓణీ గుడ్డలో వడగడితే చిన్న చిన్నగా ఎగిరేవి కనపడతాయి, వాటిని తెల్ల గిన్నెలో పోసి చూసి, తూనీగ పిల్లలు, జలగలు లేకుండా ఏరుకుని వేసుకోవచ్చు. డాఫ్నియా నీళ్ళలో తేలే పచ్చదనాన్ని తింటుంది, దాన్ని మొక్క తింటుంది, కాబట్టి రెండు విధాలా లాభం. దారంలా అల్లుకునే నాచు మాత్రం అది తినదు, అక్కడ పెన్నా గట్టు గారి టూత్‌బ్రష్షే. కొత్త తిత్తులు అద్దంలా తేటగా ఉంటాయి, లోపల నల్లగా కనపడితే భోంచేసినట్టు.

సైక్లాప్స్ అంటే కొంచెం పెద్ద వయసు వాళ్ళకి నారికురుపు గుర్తు రావాలి, చర్మంలోంచి దారంలాంటి పురుగు బయటికొచ్చే జబ్బు అది. దిగుడు బావుల్లో నీళ్ళు తాగినప్పుడు దాన్ని మోసుకొచ్చేది ఈ సైక్లాప్సే. మన దేశంలో అది పూర్తిగా పోయిందని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్ ఇచ్చింది, కాబట్టి ఇప్పుడు భయం లేదు, తొట్టి నీళ్ళు తాగకపోతే చాలు.


కనిగిరి కుర్రోడు

మా నీళ్ళలో ఫ్లోరైడు, మనుషులకే పనికిరావు మొక్కకేం పోస్తాం 😄 నేను క్యాన్ వాటర్ మీదే గిబ్బా అనే ఇంకో యుట్రిక్యులేరియా రకం పెంచుతున్నా, అది ఆరియా కంటే మొండిది, ఇంట్లో పెంచాలంటే నన్నడిగితే దాంతోనే మొదలుపెట్టాలి. చిన్న గాజు సీసాలో కూడా బతికేస్తుంది. ఒక్కటే బాధ, వేరే మొక్కల్లో కలిసిందంటే ఇక విడదీయలేం. దాని జన్యుక్రమం మొత్తం చదివింది 2013లో, చాలా చిన్నదంట, పనికిరాని డీఎన్ఏ దాదాపు లేదంట.

అసలు నేను అడగాలనుకున్నది, దోమల సంగతేంటి? శుక్రవారం డ్రై డే అని ఏఎన్ఎం అక్క, ఆశా అక్క ఇంటింటికీ తిరుగుతారు గదా, మా తొట్టి చూసి పారబోయమన్నారు, ఇది దోమల్ని తినే మొక్క అక్కా అంటే నమ్మలేదు.


బోటనీ టీచరమ్మ – ఒంగోలు

ఆ అక్కలు చెప్పిందే కరెక్టు తమ్ముడూ. అప్పుడే పుట్టిన లార్వా అయితే తిత్తిలో పడుతుంది. రెండు మూడు రోజులు పెరిగితే అది తిత్తి కంటే పెద్దది, పట్టినా తోక మాత్రమే పడుతుంది. ఇంటి తొట్టిలో ఒక్క మొక్క వంద లార్వాల్ని తినేస్తుందని నమ్ముకుంటే డెంగీ దోమ అక్కడే పుడుతుంది. తొట్టి మీద దోమతెర గుడ్డ ఎలాస్టిక్ పెట్టి బిగించండి, వెలుతురు ఏమంత తగ్గదు. లోపల ఎన్ని సైక్లాప్స్ ఉన్నా అక్కలకి అభ్యంతరం లేదు.


పెన్నా గట్టు – నెల్లూరు

గప్పీ అన్నా, ఆల్డ్రొవాండా అడిగినారు, అందరూ మర్చిపోయినట్టుండారు. ఇప్పుడే వద్దన్నా. అది వీనస్ ఫ్లైట్రాప్‌కి చుట్టం, చక్రం చక్రంగా ఆకులు, ఒక్కో ఆకు చివర మూసుకునే రెండు రెక్కలు, చూడ్డానికి దీనికంటే అందంగానే ఉంటది. 17వ శతాబ్దం చివర్లో తెల్లోళ్ళ పుస్తకాల్లో మొదటిసారి ఎక్కింది కూడా మన దేశం నుంచి పోయిన మొక్కే. ఇప్పుడు ప్రపంచంలోనే అంతరించిపోయే జాబితాలో ఉండాది. దానికి కార్బన్ డయాక్సైడ్ ఇంకా ఎక్కువ కావాల, నాచు కొంచెం తగిలినా తట్టుకోదు. మన ఆన్‌లైన్లో ఆ పేరు పెట్టి అమ్మే వాటిల్లో ఎక్కువ మామూలు అక్వేరియం నాచు మొక్కలే వస్తా ఉండాయి, ఫోటో ఒకటి పార్సిల్ ఒకటి. నిజందే దొరికినా అది ఏ చిత్తడి నేలలో నుంచి పీక్కొచ్చినారో మనకి తెలీదు. ఆరియా ఒక ఎండాకాలం గట్టెక్కించండి, అప్పుడు మాట్లాడుకుందాం.


గప్పీల పిచ్చోడు – కావలి

సరే అన్నా, ఆల్డ్రొవాండా క్యాన్సిల్, మావాడికి చెప్పినా, మూతి ముడుచుకొని పోయినాడు. తట్ట తూర్పు కిటికీ కింద పెట్టి ఆర్‌ఓ నీళ్ళు పోసి మూడు కొసలే వేసినా, మిగిలింది పారేసినా. బాదం ఆకులు మా వీధి చివర స్కూల్లో ఉండాయి, వాచ్‌మెన్ నవ్వతా ఉండాడు, ఎండిన ఆకుల కోసం వచ్చినోడిని నన్నే చూసినాడంట. ట్యూబులైటు ఆదివారం ఎలక్ట్రీషియన్ వస్తే పెట్టించాల.

ఒక్క డౌటు, మొక్క ఎక్కువైతే పక్కన కాలవలో వదిలేయొచ్చా?


పెన్నా గట్టు – నెల్లూరు

కోవూరు గుంటలో నుంచి తెచ్చింది ఆ గుంటకే తీసుకపోయి వేస్తే వేయండి, అదీ వేరే ట్యాంకులో ఏ మొక్కతోనూ కలవకపోతేనే. కొన్న మొక్క ఏదైనా సరే కాలవలో వద్దు, ఎండలో ఆరబెట్టి కుండీలో మట్టికి కలిపేయండి. లేదా నాకు ఒక ముక్క పంపించండి, నా దగ్గర ఆరియా లేదు, ఉండేది గిబ్బా ఒక్కటే. బదులుగా డాఫ్నియా ఒక బాటిల్ ఇస్తా. నెల్లూరు వస్తే ముందురోజు మెసేజ్ పెట్టండి, బాటిల్ వేడెక్కితే డాఫ్నియా దారిలోనే చస్తాయి, పొద్దున్నే వస్తే మంచిది.